తోకకప్ప గుర్తు

ఆ సాయంత్రం రోలండ్ హమ్మెల్ ఎవరి పేరూ ఎత్తలేదు. వేట క్లబ్బు వసంతకాలపు సమావేశంలో లేచి నిలబడి, టోపీ తీసి చేతిలో పట్టుకుని, క్లబ్బు పీపాలో ఉండాల్సిన, కాల్చిన తూటాల ఇత్తడి డొప్పలు ఏడాదిగా తరిగిపోతున్నాయని చెప్పాడు. తాను ఎవరినీ అనడం లేదన్నాడు. పీపా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, బకెట్లు ఎవరి ఇంటికి వెళ్తాయో అందరికీ తెలిసిందేనన్నాడు. అంతే, కూర్చున్నాడు. గదిలోని జనమంతా వెర్నా జెర్బీ వైపు చూశారు.

వెర్నా సంచిలోంచి తాళాల గుత్తి తీసింది. ఇనప రింగు బిగుసుకుపోయి ఆ ఒక్క చెవి ఊడి రావడానికి చాలాసేపు పట్టిందట. గోరు విరిగిందట. ఎవరూ సాయం రాలేదు. చెవిని బల్ల మీద పెట్టి, కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది.

ఆ గదిలో ఉన్నవాళ్ళే ముగ్గురు నాకీ సంగతి వేరువేరుగా చెప్పారు. రోలండ్ ఏమన్నాడో, వెర్నా ఏం చేసిందో ముగ్గురూ పొల్లుపోకుండా చెప్పారు. తామేమన్నారో మాత్రం ఎవరూ చెప్పలేదు, అన్నదేమీ లేదు గనక. మా ఊళ్ళో మంచితనమంటే గొంతు పెంచకపోవడం. ఆ లెక్కన ఆ సాయంత్రం అక్కడ ఉన్నవాళ్ళంతా మంచివాళ్ళే.

వెర్నా మా ఎదురింటి మనిషి. బడి బస్సు నడిపేది. ఈ పెన్సిల్వేనియా కొండల్లో నా వయసు వాళ్ళం చాలామందిమి ఆమె బస్సులోనే చదువుకు వెళ్ళాం, ఆ చదువు ఎంతవరకు సాగింది అన్నది వేరే సంగతి. పిల్లలు గోల చేస్తే ఆమె అరిచేది కాదు. బస్సు పక్కకు తీసి ఆపి, చేతులు చక్రం మీద పెట్టి కూర్చునేది. గోల తగ్గేదాకా అద్దంలోకి చూస్తూ ఉండేది. అరుపులకు అలవాటు పడ్డ పిల్లలకు ఆ చూపు కొత్త. బస్సు కదిలేసరికి వెనక సీట్ల వాళ్ళు కూడా బుద్ధిగా కూర్చునేవాళ్ళు.

ఆమె అసలు పని మాత్రం ఇంటి వెనక షెడ్డులో. కాల్చిన తూటాలో మందు మండిపోతుంది, గుండు ఎగిరిపోతుంది, ఇత్తడి డొప్ప మిగులుతుంది. దాన్ని కడిగి, ఉబ్బిన ఒళ్ళు సరిచేసి, అడుగున మందును అంటించే కొత్త నిప్పుబిళ్ళ కొట్టి, మందు పోసి గుండు బిగిస్తే మళ్ళీ తూటా. మా ఊళ్ళో సగం మగాళ్ళు ఇంట్లో ఈ పని చేసుకుంటారు. కానీ డొప్పలు కడగడం ఎవరికీ ఇష్టం ఉండదు. మసి, దుమ్ము, వేళ్ళకు అంటుకున్న నలుపు రెండు రోజులు పోదు. అందుకని క్లబ్బు మైదానంలో ఏరిన డొప్పలు బకెట్లలో వెర్నా ఇంటికి వచ్చేవి. తళతళలాడుతూ క్లబ్బుకు తిరిగి వెళ్ళేవి, ఆమే తాళం తీసి పీపాలో పోసేది. సభ్యులు వాటిని పంచుకునేవాళ్ళు. ఆమె ఇందుకు ఏమీ తీసుకునేది కాదు. క్లబ్బు కట్టినప్పుడు నేల మీద చెక్కలు పరిచినవాళ్ళలో వాళ్ళ నాన్న ఒకడు. ఆ నేల మీద నడిచే హక్కుకు ఆమె ఇచ్చుకునే బదులు అదే అనుకుంటాను.

ఆమె పద్ధతి ఒకటే. ముందు ప్రతి డొప్ప అడుగున ఉన్న పాత నిప్పుబిళ్ళను మేకులాంటి పుల్లతో పొడిచి బయటికి తీసేది. ఆ బిళ్ళలు ఒక ఖాళీ ఊరగాయ సీసాలో పడేవి. తర్వాత డొప్పల్ని డ్రమ్ములో వేసి, వేడినీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, టమాటాలు నిలవ చెయ్యడానికి వంటింట్లో ఉంచుకున్న నిమ్మ ఉప్పు చిటికెడు, గుప్పెడు ఉక్కు పుల్లలు వేసి తిప్పేది. నీళ్ళు బొగ్గునీళ్ళలా వచ్చేవి. పాత దోమతెర మీద పరిచి ఎండకు పెట్టేది. ఆరాక ప్రతి డొప్పలోకీ వంచిన తీగ ముక్క పెట్టి లోపలి గోడను తడిమేది. తీగ కొస ఎక్కడైనా సన్నటి గాడిలో ఆగితే ఆ డొప్ప లోలోపల చిరగడానికి సిద్ధంగా ఉన్నట్టు. దాన్ని మూతి నొక్కి పక్కన పారేసేది. పైకి ఎంత మెరుస్తున్నా సరే.

రోలండ్ పద్ధతి వేరు. అతను నిప్పుబిళ్ళ తియ్యకుండానే డొప్పల్ని అలాగే అక్రోటు పెంకుల పొట్టులో పోసి, గడగడలాడే యంత్రంలో పెట్టి, భోజనానికి వెళ్ళేవాడు. వచ్చేసరికి డొప్ప పైన అద్దంలా ఉండేది, అడుగున బిళ్ళ చుట్టూ పొట్టు కూరుకుని ఉండేది.

వెర్నా అనేది, "ఏమయ్యా, బూట్లతోనే స్నానం చేస్తావా నువ్వు?"

"జింకకు నా డొప్ప లోపల చూపిస్తానా ఏంటమ్మా?" అనేవాడు రోలండ్. "నువ్వు పెళ్ళికూతుర్ని తయారుచేసినట్టు చేస్తావు. పోయి తగిలేది గుండు."

ఈ ముచ్చట నేను ఊహ తెలిసినప్పటినుంచీ వింటున్నాను. వెర్నా భర్త మార్విన్ బతికున్న రోజుల్లో ముగ్గురూ ఒకే గుట్ట మీద వేటాడేవాళ్ళు. మార్విన్ పోతే శవపేటిక ముందు పిడి పట్టినవాడు రోలండ్. ఆ తర్వాత ప్రతి శరత్కాలం ఆమె ఇంటికి కట్టెలు కొట్టి పేర్చినవాడూ అతనే. రోలండ్ భార్య ఆర్లీన్ ఆపిల్ కేకు చేస్తే పళ్ళెంతో రోడ్డు దాటి వచ్చేది. ఆ పళ్ళెం తిరిగి వెళ్ళేటప్పుడు అందులో వెర్నా పెట్టిన క్యాబేజీ ఊరగాయో, జింక మాంసం ముక్కలో ఉండేవి. మా వైపు ఎవరి గిన్నె వాళ్ళకు ఖాళీగా పంపరు. పళ్ళెం అడుగున పేరు రాసిన తెల్లటి అంటుకాగితం ఉంటుంది, పళ్ళెంలో ఏదో ఒకటి ఉంటుంది. పొయ్యి వెలిగించే ఓపిక లేని ముసలివాళ్ళు కూడా కనీసం నాలుగు కోడిగుడ్లు పెట్టి పంపుతారు.

వెర్నా తన కోసం దాచుకున్న డొప్పలు కొన్ని ఉన్నాయి. అవి వాళ్ళ నాన్న తుపాకివి. ఆ కొలత తూటాలు చెయ్యడం కంపెనీ ఎప్పుడో మానేసింది. ఉన్న డొప్పలు ఉన్నంతకాలమే ఆ తుపాకి పేలుతుంది, తర్వాత గోడకు వేలాడుతుంది. అందుకే వాటిని కంటిరెప్పలా చూసుకునేది. ఒక్కో డొప్ప అడుగున ఎర్రటి గోళ్ళరంగుతో గీత పెట్టేది. ఆమె జీవితంలో కొన్న గోళ్ళరంగు సీసా అదొక్కటే. గోళ్ళకు వేసుకోగా నేనెప్పుడూ చూడలేదు. కాల్చినవన్నీ వాళ్ళ నాన్న కాఫీ డబ్బాలో వేసేది. డబ్బా మూత మీద ఆయన మేకుతో తన పేరు గీసుకున్నాడు. తుపాకి ఎక్కడికి వెళ్తే డబ్బా అక్కడికి వెళ్ళేది.

ఆ తుపాకికి ఇంకో గుర్తు ఉంది. లోపలి సూది అరిగిపోయి, నిప్పుబిళ్ళ నడిమధ్యన కాకుండా అంచు దగ్గర కొడుతుంది. కొట్టి, కొంచెం జారుతుంది. అందుకని దాని దెబ్బ గుండ్రటి గుంటలా ఉండదు, తోక ఉన్న చుక్కలా ఉంటుంది. వాళ్ళ నాన్న దాన్ని తోకకప్ప అనేవాడట. సూది మార్పించుకోమని ఎంతమంది చెప్పినా వెర్నా వినలేదు. పేలుతోంది కదా అనేది.

సమావేశానికి ముందటి శరత్కాలంలో ఆ డబ్బా పోయింది. వేటకు ముందు ఊరంతా మైదానానికి వచ్చి తుపాకుల గురి సరిచూసుకునే రోజు అది. వెర్నా తన నాన్న తుపాకిని కాల్చి, వేడి డొప్పలు డబ్బాలో వేసి, బల్ల చివర పెట్టి, వంటపాకలో సూపు వడ్డించడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి డబ్బా లేదు. అందరినీ అడిగింది. రోలండ్ మోకాళ్ళ మీద కూర్చుని, టార్చిలైటు వేసి, ఆమెతో పాటు బల్లలన్నిటి కిందా పాకుతూ వెతికాడు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర బురదైపోయింది. దొరుకుతుందిలే వెర్నా, ఎవరో పొరపాటున పట్టుకుపోయుంటారు అని ఓదార్చాడు. ఆ సంవత్సరం ఇంట్లో మిగిలిన రెండు మూడు తూటాలతో ఆమె వేట కానిచ్చింది. తర్వాత తుపాకి బీరువాలోకి వెళ్ళింది.

ఆ రోజుల్లో దుకాణాల్లో తూటాలకు కరువు. ఖాళీ అరల ముందు నిలబడి జనం ఒకరినొకరు అనుమానంగా చూసుకునేవాళ్ళు. అంతకుముందు గడ్డిలో పడేసిన డొప్ప కోసం ఇప్పుడు వంగుతున్నారు. క్లబ్బు పీపాలో డొప్పలు తరిగిపోవడం అప్పుడే అందరికీ కనబడసాగింది. ఇక వసంతకాలం సమావేశంలో ఏం జరిగిందో మొదటే చెప్పాను.

ఆ తర్వాత ఎవరూ ఆమెను దొంగ అనలేదు. దాని బదులు ఇంటి ముందు బకెట్లు పెట్టడం మానేశారు. పలకరింపులు మానలేదు. చర్చిలో చేతులు కలిపారు, బస్సు వస్తే చెయ్యి ఊపారు, అన్నీ చేశారు. షెడ్డులో డ్రమ్ము చప్పుడు ఆగిపోయింది. ఆ చప్పుడు లేకపోతే మా వీధి ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు.

వేసవిలో ఆమె ఇంటి చూరు గొట్టాల్లో ఆకులు తీస్తూ, క్లబ్బుకు వెళ్ళి గట్టిగా అడగొచ్చు కదా అన్నాను.

"ఏమని అడగాలబ్బాయ్? నేను దొంగను కాను అని నేనే చెప్పాలా?" అంది. "నేను చెబితే అదేం మాట. ఆ గదిలో నలభై ఏళ్ళుగా నన్ను చూస్తున్నవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకడు లేచి చెప్పాలి."

ఆమెకు కావలసింది అదొక్కటే. తాళంచెవి కాదు. ఆ గదిలో ఎవరో ఒకరు లేచి, వెర్నా తియ్యలేదు అని చెప్పడం. దాని కోసం ఆమె, పిల్లల గోల తగ్గేదాకా బస్సు ఆపుకుని కూర్చున్నట్టే, వేసవంతా కూర్చుంది.

సెప్టెంబరులో ఒక శనివారం రోలండ్ వచ్చాడు. నేను ఆమె వరండా మెట్టు మారుస్తున్నాను. అతని చేతిలో ఆర్లీన్ కేకు పళ్ళెం, దాని మీద గళ్ళ గుడ్డ. టోపీ తీసి మెట్ల కిందే నిలబడ్డాడు.

"కేకు కాదులే," అన్నాడు. "అవతలి జిల్లాలో తుపాకుల సంత జరిగితే వెళ్ళాను. ఒకడి బల్ల మీద ఇవి కనబడ్డాయి. మీ నాన్న కొలతవే. నువ్వు గుర్తొచ్చావు."

వెర్నా గుడ్డ తీసింది. పళ్ళెం నిండా డొప్పలు, ఎండకు బంగారంలా మెరుస్తున్నాయి. ఆమె వాటి మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచింది. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆమె మొహంలో అంత సంతోషం నేను చూడలేదు.

"నీ పొట్టులోనే దొర్లించావా వీటిని?" అంది.

"మరి దేంట్లో దొర్లిస్తాను? స్నానం చేయించే తెచ్చాను."

"బూట్లతోనా?"

"బూట్లతోనే."

ఇద్దరూ నవ్వారు. సమావేశం మాట ఎవరూ ఎత్తలేదు. అతను వెళ్ళాక ఆమె వంటింట్లోకి వెళ్ళి, పళ్ళెంలో పెట్టి పంపడానికి క్యాబేజీ ఊరగాయ సీసా ఒకటి, ఆ ఏడాది పెట్టినవాటిలో మంచిది, తీసి పక్కన పెట్టింది. మర్చిపోలేదు చూడు, అంది నాతో. క్షమించేసింది. అది నాకు నచ్చలేదు. నచ్చకపోవడానికి అప్పటికి నా దగ్గర కారణం ఏమీ లేదు.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక రోడ్డు అవతలినుంచి పిలిచింది. షెడ్డులో కిటికీ పక్కన కూర్చుని ఉంది. కళ్ళజోడు పెట్టుకుంది. ఆమె ముందు, బిళ్ళల సీసాలోంచి ఏరిన తన నాన్న తుపాకి పాత నిప్పుబిళ్ళలు తువ్వాలు మీద పోసి ఉన్నాయి. వాటి పక్కన రోలండ్ తెచ్చిన డొప్పలు, బోర్లించి, అడుగులు పైకి.

"చూడు," అంది.

డొప్పల మీద ఎర్రగీతలు లేవు. అక్రోటు పొట్టులో దొర్లితే గోళ్ళరంగు ఆనవాలు కూడా మిగలదు. కానీ రోలండ్ ఎప్పట్లాగే నిప్పుబిళ్ళలు తియ్యకుండా దొర్లించాడు. ప్రతి డొప్ప అడుగునా బిళ్ళ అలాగే ఉంది. ప్రతి బిళ్ళ మీదా, అంచుకు దగ్గరగా, తోకతో సహా, తోకకప్ప ఉంది. తువ్వాలు మీద ఉన్న పాత బిళ్ళల మీద ఉన్నదే.

ఇప్పుడే క్లబ్బుకు పోదాం పదండి అన్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. గురి సరిచూసుకునే రోజు వస్తుంది కదా, అప్పుడు అందరూ ఉంటారు అంది. ఆ నెలంతా బస్సు నడిపింది, ఆర్లీన్ కనబడితే పలకరించింది. రోలండ్‌కని తీసిన క్యాబేజీ ఊరగాయ సీసా మాత్రం మళ్ళీ అరలోకి వెళ్ళింది.

అక్టోబరులో ఆ రోజు వచ్చింది. మైదానంలో జనం, సాసేజ్‌ల పొగ, పేలుడు చప్పుడు వినబడకుండా చెవుల మీద గిన్నెలు పెట్టుకుని తిరిగే మగాళ్ళు. వెర్నా తన నాన్న తుపాకిని భుజాన వేసుకుని, పళ్ళెం గుడ్డతో కప్పి పట్టుకుని వచ్చింది. నేను వెనకాల ఆ పాత బిళ్ళల సీసా పట్టుకుని నడిచాను. సభ్యులు కూర్చునే పొడుగాటి బల్ల దగ్గర ఆగింది. అక్కడ క్లబ్బు కార్యదర్శి వాల్టర్ కీఫర్ ఉన్నాడు, ఇంకో ఏడెనిమిది మంది ఉన్నారు. రోలండ్ కాఫీ పోసుకుంటున్నాడు.

ఆమె డొప్పలన్నీ బల్ల మీద బోర్లించి నిలబెట్టింది. జేబులోంచి ఒక డొప్ప తీసింది. అందులో మందూ గుండూ లేవు, కొత్త నిప్పుబిళ్ళ ఒక్కటే ఉంది. దాన్ని తుపాకిలో పెట్టి, గొట్టం మట్టికట్ట వైపు తిప్పి, మీట నొక్కింది. టప్ మని చిన్న చప్పుడు. ఆ డొప్ప బయటికి లాగి మిగతావాటి పక్కన పెట్టింది. సీసాలోని పాత బిళ్ళలు కూడా పక్కన పోసింది. తర్వాత చేతులు కట్టుకుని నిలబడింది, బస్సులో కూర్చున్నట్టే.

అందరూ వంగి చూశారు. చూడటం వచ్చినవాళ్ళే అందరూ. ఒక్క నిమిషం పట్టలేదు. అన్నిటి మీదా తోకకప్ప ఒకటే.

"ఇవి రోలండ్ నాకు సెప్టెంబరులో తెచ్చిచ్చాడు," అంది వెర్నా. "సంతలో కొన్నానన్నాడు."

రోలండ్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. మొహం తెల్లబోయింది. అబద్ధం ఆడే ప్రయత్నం చెయ్యలేదు, అంతవరకు ఒప్పుకోవాలి. క్లబ్బు బకెట్లు తాను అవతలి ఊరి వ్యాపారికి అమ్ముతూ వచ్చానని, ఆ తొందరలో ఆమె డబ్బా కూడా ఒక బకెట్లో పడిపోయి తన ఇంటికి చేరిందని నేల చూస్తూ చెప్పాడు.

"నీ డబ్బా అందులో కలిసిపోయిన సంగతి నాకు తర్వాత తెలిసింది, వెర్నా."

"ఎప్పుడు తెలిసింది?" అంది. "నాతో పాటు బల్లల కింద పాకినప్పుడా, తర్వాతా?"

రోలండ్ టోపీ తీసి, దాని అంచు చూస్తూ నిలబడ్డాడు. అదే జవాబు.

అప్పుడు వెర్నా అతన్ని వదిలేసి మిగతావాళ్ళ వైపు తిరిగింది. నేను పక్కనే ఉన్నాను గనక ఆమె ఎవరి మొహంలో ఏం వెతుకుతోందో నాకు తెలుసు. ఆమె కీఫర్ దగ్గర ఆగింది. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు. కీఫర్ ఇబ్బందిగా కదిలాడు. సాసేజ్ తింటున్న చెయ్యి తుడుచుకున్నాడు.

"వెర్నా, అది మాకు ఎండాకాలంలోనే తెలిసిందమ్మా," అన్నాడు.

ఆ వ్యాపారి జూలైలో క్లబ్బుకే వచ్చి, హమ్మెల్ గారి తర్వాతి బకెట్లు ఎప్పుడొస్తాయని అడిగాడట. కీఫరూ ఇంకో ముగ్గురు పెద్దలూ కూర్చుని మాట్లాడుకున్నారట. గుండ్లు ఆపే మట్టికట్ట ఉన్న స్థలం రోలండ్‌ది. అతను అలిగి కంచె వేసుకుంటే ఊరికి మైదానం లేదు. అతని చేత అమ్మకం మాన్పించారు. విషయం అక్కడితో వదిలేశారు. కీఫర్ ఇదంతా తగ్గు గొంతుతో, ఎవరినీ నొప్పించకుండా, చాలా మర్యాదగా చెప్పాడు. వేట రోజులు అయ్యాక ఆమె తాళంచెవి ఆమెకు ఇచ్చెయ్యాలనే అనుకుంటున్నామని కూడా చెప్పాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు వాల్టర్?"

"నువ్వేం గొడవ చెయ్యలేదు కదమ్మా," అన్నాడు కీఫర్. "నీకూ పెద్దగా పట్టింపు లేదేమో అనుకున్నాం."

నేను చదివిన పుస్తకాల్లో దుర్మార్గులు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కడు కూడా ఇంత మామూలుగా మాట్లాడగా చదవలేదు. రోలండ్ దొంగతనం చేశాడు, దానికి భయపడ్డాడు, భయంలో ఇంకో పాపం చేశాడు, ఆనక అవే డొప్పలు పళ్ళెంలో పెట్టుకుని వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. అది ఏ మూలో మనిషి పనే. వీళ్ళు నాలుగు నెలలపాటు ఆమెకు చర్చిలో చెయ్యి కలిపారు.

వెర్నా డొప్పలు ఒక్కొక్కటీ పళ్ళెంలో పెట్టుకుంది. ఎవరో చెయ్యి సాయం పట్టబోతే వద్దంది. గుడ్డ కప్పింది. తుపాకి ఖాళీగా ఉందో లేదో మరోసారి తెరిచి చూసి భుజాన వేసుకుంది. మేము కారు వైపు నడిచాం. వెనక మైదానంలో కాల్పులు మళ్ళీ మొదలయ్యాయి.

ఆ తర్వాత కొద్ది రోజులు షెడ్డులో డ్రమ్ము తిరిగింది. డొప్పల అడుగున బిళ్ళలు పొడిచి తీసి, రోలండ్ కూరిన పొట్టు గుండుసూదితో కెలికి, నిమ్మ ఉప్పు నీళ్ళలో కడిగి, దోమతెర మీద పరిచి, వంచిన తీగతో ఒక్కొక్కదాన్నీ తడిమింది. పారేసినవి కొద్దే. మిగిలినవాటికి మళ్ళీ ఎర్రగీత పెట్టింది. ఇంటికి ఎవరెవరో వచ్చారు. కీఫర్ భార్య సూపు తెచ్చింది. చర్చి పెద్ద వచ్చి ఐకమత్యం గురించి మాట్లాడాడు. అందరికీ కాఫీ ఇచ్చి పంపింది. సమావేశంలో లేచి ఆ ఒక్క మాట చెబుతానని మాత్రం వాళ్ళలో ఎవరూ అనలేదు.

నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండుగ వారంలో, ఆమెను ఆఖరుసారి చూశాను. మా దగ్గర జింక వేట మొదటిరోజు బడికి సెలవు, బస్సు తిరగదు. ప్రతి ఏడూ ఆ రోజు ఆమె మార్విన్ గుట్ట మీదే ఉండేది. ఈసారి కొండ అవతల వాళ్ళ అక్క కూతురి పొలంలో వేటాడుతానని చెప్పింది. కారు వెనక పెట్టెలు చూస్తే వేటకు వెళ్ళే మనిషి సామాను కాదని తెలుస్తోంది. డ్రమ్ము కూడా అందులో ఉంది. బస్సు కంపెనీకి రాజీనామా ఇచ్చేసిన సంగతి నాకు తర్వాత తెలిసింది. ఇల్లు వసంతంలో అమ్ముడుపోయింది.

తుపాకి పెట్టె ముందు సీట్లో పెట్టి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి, ఆర్లీన్ కేకు పళ్ళెం పట్టుకుని వచ్చింది. కడిగి, తుడిచి, మెరిసేలా తోమింది. అడుగున అంటుకాగితం మీద ఆర్లీన్ పేరు అలాగే ఉంది. నా చేతికిచ్చింది. ఇవాళే హమ్మెల్ వాళ్ళింట్లో ఇచ్చెయ్యమంది.

నేను పళ్ళెం పట్టుకుని అలవాటు కొద్దీ నిలబడిపోయాను. ఆమె వెనక వంటింటి అరలో ఊరగాయ సీసాలు వరసగా కనబడుతున్నాయి. నా చూపు ఎటు పోయిందో ఆమె చూసింది.

"వద్దు," అంది. "ఖాళీగానే ఇవ్వు. ఆర్లీన్ ఏమైనా అంటే, మా నాన్న కాఫీ డబ్బా ఇంకా వాళ్ళింట్లోనే ఉందని చెప్పు."